పాత వస్తువు ఆన్‌లైన్‌లో అమ్మాలంటే: ఎక్కడ పెట్టాలి, ఎంతకి పెట్టాలి

వాడేసిన ఫోనో, మూలన పడున్న కెమెరానో, కొత్తది కొన్నాక అడ్డంగా మిగిలిపోయిన బల్లో అమ్మేద్దామనుకోగానే అందరూ మొదట అడిగేది "దీనికి ఎంతొస్తుంది?" అని. నన్నడిగితే అది రెండో ప్రశ్న. ముందు తేల్చుకోవాల్సింది ఎక్కడ, ఏ పద్ధతిలో అమ్ముతున్నారన్నది. ఒకే వస్తువు నాలుగు చోట్ల నాలుగు ధరలు పలుకుతుంది, అందులో మన చేతికి మిగిలేది మళ్లీ వేరు. వంద పలికిన చోట డెబ్బై మిగలొచ్చు, ఎనభై పలికిన చోట ఎనభైకి ఎనభై మిగలొచ్చు. అందుకని పలికిన ధరల్ని పక్కపక్కన పెట్టి పోల్చుకోవడం దండగ. కమీషన్, ప్యాకింగ్, కొరియర్ పోగా మిగిలేదెంత, దానికోసం ఎన్ని సాయంత్రాలు చాటింగ్‌లో పోయాయి, ఈ రెండూ కలిపి చూడాలి.

స్థూలంగా దారులు నాలుగు. దగ్గర్లో ఉన్నవాళ్లకి చేతికిచ్చి డబ్బు తీసుకోవడం ఒకటి (ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్, క్రెయిగ్స్‌లిస్ట్, ఓఎల్ఎక్స్ లాంటివి ప్రధానంగా ఇందుకే). ఫిక్స్‌డ్ రేటు పెట్టి ఎక్కడున్నవాళ్లకైనా కొరియర్‌లో పంపడం రెండోది. వేలం మూడోది. ఈ గొడవంతా ఎందుకని పాతవి కొనే కంపెనీకే ఇచ్చేయడం, లేదా కొత్తది కొనేటప్పుడు ఎక్స్‌ఛేంజ్‌లో వేసేయడం నాలుగోది. వీటిలో ఏది మీకు సరిపోతుందో తెలియాలంటే వస్తువుని చూసి రెండు ప్రశ్నలు వేసుకోండి: ఇది ఎంతమందికి కావాలి? దీన్ని మోయడం ఎంత కష్టం? చాలామందికి పనికొచ్చే, మోయలేని వస్తువైతే దగ్గర్లోనే అమ్మాలి. ఏ కొద్దిమందికో మాత్రమే కావాల్సిన చిన్న వస్తువైతే దూరం పంపక తప్పదు, ఎందుకంటే ఆ కొద్దిమంది మీ చుట్టుపక్కల ఉండే అవకాశం తక్కువ. బీరువా మొదటి రకం, చేత్తో ఫోకస్ తిప్పుకోవాల్సిన పాత కెమెరా లెన్స్ రెండో రకం. కొద్దిమందికే కావాల్సిన భారీ వస్తువు, అంటే పాత పియానో లాంటిది, అన్నిటికంటే కష్టం. దానికి ఎంత తక్కువ రేటు పెట్టినా సరే, ఓపిక తప్పదు.

కనిపించే రేట్లను నమ్మకండి

ధర పెట్టేముందు అందరూ చేసే పని, అదే మోడల్ వేరేవాళ్లు ఎంతకి పెట్టారో వెతకడం. అక్కడే దెబ్బతింటారు. ఇప్పుడు సైట్‌లో కనిపిస్తున్నవన్నీ ఇంకా అమ్ముడుపోనివి. సరైన రేటు పెట్టినవి రెండ్రోజుల్లో వెళ్లిపోయి కంటికి కనబడకుండా పోతాయి, ఎక్కువ చెప్పినవి నెలల తరబడి అక్కడే వేలాడుతూ మార్కెట్ రేటు ఇదేనేమో అన్న భ్రమ కలిగిస్తాయి. మీరూ అదే రేటు పెడితే ఆ వేలాడేవాటి పక్కన ఇంకొకటి చేరుతుంది, అంతే.

చూడాల్సింది అమ్ముడైన ధరలు. ఈబేలో (పాతవీ కొత్తవీ వేలంలోనో ఫిక్స్‌డ్ రేటుకో అమ్ముకునే విదేశీ సైట్) వెతికిన తర్వాత 'సోల్డ్ ఐటమ్స్' అనే ఫిల్టర్ పెడితే దాదాపు గత 90 రోజుల్లో నిజంగా డబ్బు చేతులు మారినవే కనిపిస్తాయి. మీరు అమ్మేది వేరే సైట్‌లో అయినా ఈ లెక్క ఒకసారి చూడటం మంచిదే, కనీసం ఒక అందాజా వస్తుంది. ఇలాంటి ఫిల్టర్ లేని చోట ఒక చిన్న ఉపాయం ఉంది: మీ వస్తువు లాంటివి ఏడెనిమిది ప్రకటనలు సేవ్ చేసుకోండి, వారం ఆగి ఏవి మాయమయ్యాయో చూడండి. మాయమైనవి ఏ రేటుకి పెట్టినవో అదే మీ రేటుకి దగ్గర. వాటిలో కూడా అన్నిటికంటే పెద్ద అంకె మీద కన్నేయకుండా మధ్యలోది తీసుకోండి. ఆ పెద్ద అంకె వెనక పెట్టె, బిల్లు, వారంటీ అన్నీ ఉండి ఉండొచ్చు.

ఇంకొక అంకె కూడా దగ్గర పెట్టుకోవాలి: అదే వస్తువు కొత్తది ఈ రోజు ఎంతకి దొరుకుతోందన్నది. మీరు కొన్నప్పటి ధరతో ఎవరికీ పనిలేదు. కొనేవాడు మీ పాతదాన్ని, ఆఫర్‌లో వారంటీతో సహా వస్తున్న కొత్తదానితో పోల్చుకుంటాడు. ఈ రెంటికీ తేడా పది శాతమే ఉంటే ఎవరైనా కొత్తదే కొంటారు కదా.

మన వస్తువు మీద మనకి మమకారం ఉంటుంది, అది సహజం. 1990లో డేనియల్ కానెమన్, జాక్ నెట్ష్, రిచర్డ్ థేలర్ ప్రచురించిన ప్రయోగాల్లో విద్యార్థుల్లో కొందరికి కాఫీ మగ్గులు ఇచ్చి, వాటిని ఎంతకి అమ్ముతారని అడిగారు. మగ్గు లేనివాళ్లని ఎంతకి కొంటారని అడిగారు. మగ్గు చేతికొచ్చి కాసేపు కూడా కాలేదు, అయినా అమ్మేవాళ్లు చెప్పిన ధర, కొనేవాళ్లు ఇస్తామన్నదానికి సుమారు రెట్టింపు ఉంది. కాసేపటి మగ్గుకే ఇలా ఉంటే మూడేళ్లు వాడిన ల్యాప్‌టాప్ సంగతి చెప్పక్కర్లేదు. అందుకే మీ మనసులో తట్టిన మొదటి అంకెని నమ్మకండి, అది దాదాపు ఎప్పుడూ ఎక్కువే.

ఇంకో విషయం, చాలామంది పట్టించుకోరు: కొనేవాళ్లు వెతికేటప్పుడు ధరకి పైహద్దు పెట్టుకుంటారు, అదీ గుండ్రటి అంకెల్లో. 5000 లోపు అని ఫిల్టర్ పెట్టినవాడికి 5100 పెట్టిన మీ ప్రకటన అసలు కనిపించదు. బేరానికి పది శాతం జాగా ఉంచుకోండి కానీ ఆ జాగా మిమ్మల్ని ఇలాంటి గీత దాటించకుండా చూసుకోండి. 'ఫిక్స్‌డ్' అని రాస్తే మాత్రం నిజంగానే ఫిక్స్‌డ్‌గా ఉండాలి. ఫిక్స్‌డ్ అని రాసి మొదటి మెసేజ్‌కే తగ్గించేవాళ్ల దగ్గర ఇంకా తగ్గించొచ్చని ఎవరికైనా అర్థమవుతుంది.

చేతికివ్వడమా, కొరియర్‌లో పంపడమా

చేతికిచ్చే పద్ధతిలో సాధారణంగా కమీషన్ ఉండదు, ప్యాకింగ్ ఉండదు, కొన్నవాళ్లు అక్కడే చూసుకుని తీసుకెళ్తారు కాబట్టి తర్వాత వాపసు గొడవలు తక్కువ. దానికి బదులుగా మీరు చెల్లించేది టైమ్. "ఉందా?" అని అడిగి మాయమయ్యేవాళ్లు, "లాస్ట్ ఎంత?" తప్ప ఇంకేమీ అడగనివాళ్లు, ఆదివారం వస్తామని చెప్పి ఫోన్ ఎత్తనివాళ్లు. ఇది తప్పదు. దీన్ని తగ్గించడానికి ఉన్న ఒకే మార్గం, వాళ్లు అడగబోయేవన్నీ ముందే రాసేయడం: కొలతలు, ఎన్నేళ్లు వాడారు, ఏ అంతస్తు, లిఫ్ట్ ఉందా, విప్పి తీసుకెళ్లొచ్చా. బీరువా అమ్మేవాళ్లు పొడవు వెడల్పు ఎత్తు రాయకపోతే ప్రతి మెసేజ్‌కీ టేపు పట్టుకుని లేవాల్సి వస్తుంది.

కొరియర్‌లో పంపితే కొనేవాళ్లు బోలెడు, ధర కూడా ఎక్కువే పలుకుతుంది, కానీ ఆ ఎక్కువలో ఎంత మిగులుతుందో లెక్క వేయకుండా దిగకూడదు. ముఖ్యంగా సైజు. కొరియర్ కంపెనీలు అసలు బరువుతో పాటు పెట్టె సైజుని బట్టి ఇంకో బరువు కడతాయి, రెండింట్లో ఏది ఎక్కువైతే దానికి డబ్బు తీసుకుంటాయి. ఎక్కువగా వాడే సూత్రం: పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించడం. ఒక ల్యాంప్ షేడ్, అంటే దీపం మీద పెట్టే గొడుగు, ఉందనుకోండి, ఎత్తితే కిలో కూడా ఉండదు. దాన్ని పగలకుండా 50, 40, 30 సెంటీమీటర్ల పెట్టెలో పెట్టారు. 60,000 ని 5000తో భాగిస్తే 12 కిలోలు. గాలికి ఎగిరిపోయే వస్తువుకి 12 కిలోల ఛార్జీ! దీన్ని ప్రకటన పెట్టకముందే లెక్కేసుకోవాలి, అమ్ముడయ్యాక కొరియర్ కౌంటర్ దగ్గర కాదు.

కమీషన్ విషయంలోనూ ఒక మెలిక ఉంది. ఈబే లాంటి చోట, అమ్మకం కమీషన్ ఉన్న దేశాల్లో, అది వస్తువు ధర మీదే కాదు, కొన్నవాళ్లు కట్టిన రవాణా ఛార్జీతో కలిపి మొత్తం మీద పడుతుంది. అంటే భారీ వస్తువుకి రవాణా ఖర్చు మీద కూడా మీరు కమీషన్ ఇచ్చుకుంటున్నారు. దీనికి పూర్తి విరుద్ధంగా, బట్టలు ఎక్కువగా నడిచే వింటెడ్‌లో అమ్మేవాళ్ల దగ్గర అమ్మకం కమీషన్ తీసుకోరు, కొనేవాళ్లే రక్షణ రుసుము (వస్తువు చెప్పినట్టు లేకపోతే డబ్బు తిరిగి రావడానికి కట్టేది) కడతారు. అలాంటి చోట అమ్మేవాళ్లకి పూర్తి ధర మిగులుతుంది నిజమే, కానీ కొనేవాళ్లు ఆ రుసుము కూడా మనసులో కలుపుకునే బేరమాడతారు. ఉచితం అన్న మాట కనిపించినప్పుడు ఆ డబ్బు ఎవరి జేబులోంచి పోతోందో చూడండి.

కొరియర్‌లో ఇంకో రిస్క్ వాపసు. 'నో రిటర్న్స్' అని ఎంత పెద్ద అక్షరాలతో రాసినా, చెప్పినట్టు లేదని కొన్నవాళ్లు ఫిర్యాదు చేస్తే పెద్ద సైట్లన్నీ ఎక్కువగా వాళ్ల వైపే మొగ్గుతాయి. అందుకే విలువైన వస్తువైతే సీరియల్ నంబర్ కనిపించేలా ఫోటో, ప్యాక్ చేస్తున్నప్పుడు వీడియో తీసి పెట్టుకోండి. పెట్టె మూసి ఊపితే లోపల కదిలిన చప్పుడు వచ్చిందా, విప్పి మళ్లీ సర్దండి.

లోపం దాచితే ఎవరికి నష్టం

1970లో జార్జ్ ఎకర్లాఫ్ అనే ఆర్థికవేత్త పాత కార్ల బజారు గురించి ఒక వ్యాసం రాశాడు. కొనేవాడికి మంచి కారేదో చెడ్డ కారేదో తెలియనప్పుడు అన్నిటికీ కలిపి సగటు ధరే ఇస్తాడు, దాంతో మంచి కారున్నవాడు ఈ ధరకి ఎందుకివ్వాలని తప్పుకుంటాడు, చివరికి బజారులో చెడ్డవే మిగులుతాయి. 2001లో ఆయనకి నోబెల్ కూడా వచ్చింది. మన గొడవకి ఇందులో పనికొచ్చే ముక్క ఒకటే: కొనేవాడు తనకి కనిపించని లోపాన్ని ఊహించుకుని మరీ ధర కోస్తాడు, పైగా ఆ ఊహ నిజం కంటే పెద్దగా ఉంటుంది. లోపాన్ని మీరే చూపిస్తే కోత దాని వరకే ఆగుతుంది.

లెన్స్‌నే తీసుకోండి. 'గుడ్ కండిషన్, వర్కింగ్' అని రాస్తే అది ఏమీ చెప్పనట్టే, తెలిసినవాళ్లు దాటుకుని వెళ్లిపోతారు. గది చీకటి చేసి లెన్స్ వెనక ఫోన్ టార్చ్ పెట్టి ముందు నుంచి చూడండి. ఫంగస్ ఉంటే సాలెగూడు దారాల్లా కనిపిస్తుంది, పొగలా పరుచుకుని ఉంటే మసక పట్టినట్టు, అక్కడక్కడా చుక్కలైతే దుమ్ము. దుమ్ము వల్ల ఫోటోలకి పెద్దగా ఏమీ కాదు, ఫంగస్ ఉంటే మాత్రం ధర బాగా పడిపోతుంది. ఆ టార్చ్ ఫోటోనే ప్రకటనలో పెట్టేయండి. తర్వాత అపర్చర్ రింగ్ (లోపలికొచ్చే వెలుతురుని తగ్గించే, పెంచే రింగ్) తిప్పి లోపలి బ్లేడ్లు చటుక్కున మూసుకుంటున్నాయా, వాటికి నూనె అంటిందా, ఫోకస్ రింగ్ గట్టిగా ఉందా అన్నది నాలుగు మాటల్లో రాయండి. ఇంత వివరంగా రాసిన ప్రకటన ఒకటే ఉంటుంది, మిగతావన్నీ 'గుడ్ కండిషన్'లే. కొనేవాడు ఎవరికి మెసేజ్ పెడతాడో మీరే ఆలోచించండి.

ఫోటోలకి కిటికీ వెలుతురు చాలు, ఫ్లాష్ వద్దు. గీతలు పక్క నుంచి పడే వెలుతురులోనే కనిపిస్తాయి కాబట్టి స్క్రీన్‌ని కాస్త వంచి తీయండి. కంపెనీ వాడి అందమైన బొమ్మ తెచ్చి పెడితే మాత్రం మీ దగ్గర అసలు వస్తువే లేదేమో అనుకుంటారు.

వేలం ఎప్పుడు, ఫిక్స్‌డ్ ఎప్పుడు

వేలం అంటే ధర ఆకాశానికంటుతుందని చాలామందికి ఆశ. ఈబే తరహా వేలంలో పాట పాడేవాడు తన గరిష్ఠ ధర ముందే చెప్పి ఉంచుతాడు, సైట్ అవసరమైనంత మేరకే కొద్దికొద్దిగా పెంచుతూ పోతుంది. అంటే చివరికి మీకొచ్చేది అందరికంటే ఎక్కువ ఇష్టపడ్డవాడి గరిష్ఠ ధర కాదు, రెండోవాడు ఎక్కడ ఆగాడో దానికంటే కాస్త ఎక్కువ. ఈ ఒక్క సంగతి అర్థమైతే వేలం ఎప్పుడు పెట్టాలో తెలిసిపోతుంది. గట్టిగా కావాలనుకునేవాళ్లు కనీసం ఇద్దరు లేకపోతే వేలం పెట్టకూడదు. ఒక్కడే వస్తే మీరు పెట్టిన ప్రారంభ ధరకే పట్టుకుపోతాడు. తక్కువతో మొదలుపెడితే జనం ఎక్కువమంది వస్తారన్నది నిజమే, కానీ రాకపోతే ఏమవుతుందో కూడా ఒప్పుకునే మొదలుపెట్టాలి. నా లెక్కలో ప్రారంభ ధర, ఇంతకి పోయినా బాధ లేదనిపించే అంకె అయ్యుండాలి.

ధర ఎంతో ఎవరికీ తెలియని వస్తువులకి వేలం సరైంది: పాత నాణేలు, సేకరించేవాళ్లు వెతికే విడిభాగాలు, ఉత్పత్తి ఆగిపోయిన యంత్రాలు. 1995లో ఈబే ఇంకా ఆక్షన్‌వెబ్ అన్న పేరుతో ఉన్నప్పుడు దాని వ్యవస్థాపకుడు పియర్ ఒమిడ్యార్ పెట్టిన పాడైపోయిన లేజర్ పాయింటర్ 14.83 డాలర్లకి పోయింది. అది పాడైపోయిందని తెలుసా అని ఆయనే కొన్నవాడిని అడిగితే, నేను పాడైనవే సేకరిస్తానని జవాబొచ్చిందట. ఇలాంటివాడిని ఫిక్స్‌డ్ రేటుతో పట్టుకోవడం కష్టం, ఎందుకంటే ఆ వస్తువుకి ఏ రేటు పెట్టాలో మీకే తెలియదు. అదే రెండేళ్ల కిందటి ఫోన్‌కైతే రేటు ఊరందరికీ తెలుసు, వేలంతో కొత్తగా తేలేదేమీ లేదు, ఫిక్స్‌డ్ పెట్టి బేరానికి కాస్త జాగా ఉంచడమే మేలు.

కంపెనీకే ఇచ్చేస్తే?

దీన్ని చాలామంది చులకనగా చూస్తారు, నేను చూడను. కంపెనీ తక్కువ ఇస్తుంది, ఎందుకంటే అది శుభ్రం చేసి, బ్యాటరీ మార్చి, వారంటీ ఇచ్చి మళ్లీ అమ్మాలి, ఆ ఖర్చు, లాభం అన్నీ మీకిచ్చే ధరలోంచే తగ్గుతాయి. కానీ ఇక్కడ చాటింగ్ లేదు, బేరం లేదు, తెలియనివాళ్లు ఇంటికి రావడం లేదు. లెక్క ఇలా వేసుకోండి: సొంతంగా అమ్మితే ఖర్చులు పోను 80 మిగులుతుంది, కంపెనీ 65 ఇస్తానంటోంది. ఆ 15 కోసం మీ వారాంతాలు, టెన్షన్ పెట్టడం గిట్టుబాటేనా? ఖరీదైన వస్తువుకి గిట్టుతుంది, చవకదానికి గిట్టదు. ఒక జాగ్రత్త: వెబ్‌సైట్‌లో చూపించే కొటేషన్ మీరు చెప్పిన వివరాల మీద ఆధారపడిందే, వస్తువు చూశాక తగ్గిస్తారు. స్క్రీన్ మీద సన్నని గీత ఉన్నా ముందే చెప్పి వచ్చిన అంకెనే పోల్చుకోవడానికి తీసుకోండి. ఎక్స్‌ఛేంజ్ బోనస్ అని ఊరిస్తే, అదే కొత్త వస్తువు ఎక్స్‌ఛేంజ్ లేకుండా వేరే చోట ఎంతకొస్తుందో కూడా చూడండి, బోనస్ చాలాసార్లు అక్కడే ఆవిరైపోతుంది.

ఫోన్లకి టైమ్ చాలా ముఖ్యం. కొత్త మోడల్ వచ్చాక పాతదాని ధర పడుతుంది, ఐఫోన్లయితే కొత్తవి మామూలుగా సెప్టెంబర్‌లో వస్తాయి కాబట్టి అమ్మేద్దామన్న ఆలోచనుంటే దానికి ముందే కానివ్వండి. ఇచ్చేముందు అకౌంట్ తీసేసి, ఆ తర్వాతే సెట్టింగ్స్‌లోంచి రీసెట్ చేయాలి. 2013లో ఐఓఎస్ 7 నుంచి ఐఫోన్లలోనూ, ఆండ్రాయిడ్ 5.1 నుంచి మిగతా ఫోన్లలోనూ దొంగతనం నుంచి కాపాడే తాళం ఉంటుంది, అకౌంట్ అలాగే ఉండిపోతే కొన్నవాళ్ల ఫోన్ పాత పాస్‌వర్డ్ అడుగుతూ కూర్చుంటుంది, వాళ్లు మీ దగ్గర కూర్చుంటారు.

పుస్తకాలు, పిల్లల బట్టలు, బొమ్మలు విడివిడిగా అమ్మడం దండగ. ఒక్కోదానికి కొరియర్ ఖర్చే ధరని మింగేస్తుంది. ఒకే రచయితవో, ఒకే వయసు పిల్లలవో కట్టగా పెట్టండి, అరుదైనది ఉంటే దాన్ని మాత్రం వేరు చేయండి. పాఠ్యపుస్తకాలకైతే కొత్త ఎడిషన్ రాకముందే తొందరపడాలి.

వారమైనా కదలకపోతే

ధర తగ్గించడానికి ముందు ఎక్కడ ఆగిపోయిందో చూడండి. ప్రకటన ఎవరూ చూడకపోతే తప్పు శీర్షికదో మొదటి ఫోటోదో అయ్యుంటుంది, కొనేవాళ్లు టైప్ చేసే మోడల్ నంబర్ అందులో లేకపోయి ఉంటుంది. చాలామంది చూసి ఒక్కరూ మెసేజ్ పెట్టకపోతే రేటు ఎక్కువన్నమాట. మెసేజ్‌లొచ్చి చూడ్డానికి మాత్రం ఎవరూ రాకపోతే దూరమో, వివరణలో ఏదో అనుమానమో. మొదటి రకానికి ధర తగ్గించి లాభం లేదు. రెండోదానికి చిటికెడు చిటికెడు తగ్గించకుండా ఒకేసారి కొనేవాళ్లకి తెలిసేలా, పది శాతానికి తక్కువ కాకుండా తగ్గించండి.

మోసాల గురించి పొడవుగా రాయను, గుర్తు మాత్రం ఒకటే: కొంటానన్నవాడు మిమ్మల్ని సైట్ బయటికి లాగుతున్నాడా అన్నది. డబ్బు తీసుకోవడానికి మీరు ఎక్కడా పిన్ కొట్టక్కర్లేదు, క్యూఆర్ స్కాన్ చేయక్కర్లేదు, ఫోన్‌కొచ్చిన ఓటీపీ ఎవరికీ చెప్పక్కర్లేదు. పొరపాటున ఎక్కువ పంపాను, మిగతాది తిరిగి వేయండి అన్నాడా, అక్కడితో ఆపేయండి. చెల్లింపు స్క్రీన్‌షాట్ ఎవరైనా తయారు చేయగలరు, మీ అకౌంట్‌లో పడ్డాకే వస్తువు కదలాలి.

ఏ ధరకీ అమ్మకూడనివి కూడా కొన్ని ఉన్నాయి. ఒకసారి గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్, ప్రమాదానికి గురైన పిల్లల కారు సీటు, కంపెనీ వెనక్కి పిలిచిన సామాన్లు, ఉబ్బిన బ్యాటరీ ఉన్న ఏదైనా. బ్యాటరీ ఉబ్బిన ఫోన్‌ని కొరియర్‌లో వేయడం కూడా ప్రమాదమే, దాన్ని రీసైక్లింగ్‌కి ఇచ్చేయండి.

వస్తువు అమ్ముడైన వెంటనే ప్రకటన తీసేయండి, వేరే సైట్లలో కూడా పెట్టి ఉంటే అక్కడా తీసేయండి. రెండు చోట్ల ఇద్దరు ఒకేసారి డబ్బు కట్టేస్తే ఒకరికి వాపసిచ్చి క్షమాపణ చెప్పుకోవాలి, ఆ ఒకరు మీ రేటింగ్ దగ్గర ఏం రాస్తారో మీ చేతుల్లో ఉండదు.